ఫార్మాట్ కొట్టే ముందు

పాత కంప్యూటర్ ఆన్ చెయ్యగానే తెర మీద ‘రిజిస్ట్రీ’ అన్న మాట కనిపిస్తే రిపేరు షాపుల్లో దానికి ఒకటే మందు: “ఫార్మాట్ కొట్టేద్దాం సార్!” కుర్రాడు అప్పటికి క్యాబినెట్ మూత కూడా తీసి ఉండడు. పిల్లలు గేములాడుకునే కంప్యూటరైతే కొట్టెయ్యమనండి, నాకేం అభ్యంతరం లేదు. డీటీపీ సెంటర్లో ఏళ్ల తరబడి ఎక్స్‌పీ మీద నడుస్తున్న మెషినైతే మాత్రం ఆ మాట వింటేనే నాకు గుండె ఝల్లుమంటుంది. అందులో పేజ్‌మేకర్ ఉంటుంది. యూనికోడ్‌కి ముందునాటి తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు సాఫ్ట్‌వేరు, వెనకాల గుచ్చిన డాంగిల్ ఉంటాయి. ప్రింటర్ డ్రైవర్ సీడీ ఎక్కడ పెట్టాడో ఓనరుకే గుర్తుండదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, జాతర వాల్‌పోస్టర్లు అన్నీ డెస్క్‌టాప్ మీదే, అంటే సీ డ్రైవ్‌లోనే. ఫైళ్లను ముందే వేరేచోట దాచుకున్నా, ఆ ఫాంట్లు తిరిగి దొరక్కపోతే తెరిచిన ప్రతి పేజీలోనూ తెలుగుకి బదులు ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి.

జనం రిజిస్ట్రీ ఎర్రర్ అనేదాంట్లో ఒకదానికొకటి పొంతన లేని రెండు జబ్బులున్నాయి. ఎక్కువగా కనిపించేది తేలికైనదే. విండోస్ మామూలుగానే లేస్తుంది, డెస్క్‌టాప్ వస్తుంది, ఆ తర్వాత ఒక చిన్న పెట్టె ఊడిపడుతుంది. ఫలానా ఫైలును నడపమని రిజిస్ట్రీలో రాసి ఉంది, అది కనిపించడం లేదు, వెతికి పెట్టండి లేదా ఆ రాసినది తీసెయ్యండి అని దాని సారాంశం. ఇక్కడ రిజిస్ట్రీకి ఏమీ కాలేదు. ఓటర్ల జాబితాలో చనిపోయినవాడి పేరు ఉండిపోయింది, అధికారి పిలుస్తున్నాడు, మనిషి రావడం లేదు, అంతే.

ఆ పోయినవాడు చాలాసార్లు వైరస్సే. 2000 తర్వాతి పదేళ్లలో నెట్ సెంటర్లో పెన్‌డ్రైవ్ పెట్టినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఫోల్డర్ బొమ్మ తగిలించుకుని ‘న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్‌ఈ’ అని ఒకటి కూర్చునేది. అది ఫోల్డరే అనుకుని నొక్కితే, రిజిస్ట్రీలో ‘రన్’ అనే చోట తన పేరు రాసుకునేది. కంప్యూటర్ లేచినప్పుడల్లా ఏమేం నడవాలో విండోస్ చూసుకునే చోటు అది. ఇలాంటివాటిలో కొన్ని టాస్క్ మేనేజర్‌నీ రిజిస్ట్రీ ఎడిటర్‌నీ కూడా తెరవనిచ్చేవి కావు. తర్వాతెప్పుడో యాంటీవైరస్ వేస్తే అది ఫైలును చంపేస్తుంది గానీ జాబితాలో పేరు కొట్టెయ్యడం మరిచిపోతుంది. అలాంటప్పుడు పొద్దున్నే వచ్చే ఆ పెట్టె ప్రమాద సూచన కాదు, ప్రమాదం వచ్చి పోయిందన్న కబురు. పెట్టెలో ఉన్న ఫైలు పేరు అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోవాలి. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి స్టార్టప్‌లో ఆ పేరు పక్కన టిక్కు తీసేస్తే సగం కేసులు అక్కడే తీరిపోతాయి. అక్కడ లేకపోతే రెజెడిట్‌లో వెతకాలి, తుడిచే ముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి.

ఇందులోనే ఒక దొంగ కేసుంది. లాగిన్ అవుతుంది, వెంటనే లాగాఫ్ అయిపోతుంది, మళ్లీ లాగిన్ తెర. వైరస్ ‘యూజర్‌ఇనిట్’ అనే లైనును తన వైపు తిప్పుకుని, ఆనక యాంటీవైరస్ చేతిలో పోతే ఇలా జరుగుతుంది. డెస్క్‌టాప్ రాదు కాబట్టి అందరూ హార్డ్‌డిస్క్ పోయిందనుకుంటారు. తప్పింది ఒక్క లైనే.

రెండో జబ్బు మాత్రం నిజంగానే పెద్దది. నల్లటి తెర మీద తెల్లక్షరాలతో, విండోస్ ఫోల్డర్లోని సిస్టమ్32లో, కాన్ఫిగ్‌లో ‘సిస్టమ్’ అనే ఫైలు లేదు లేదా చెడిపోయింది అని వస్తుంది. కాన్ఫిగ్‌లో సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అని తోక లేని ఫైళ్లు అయిదుంటాయి, ఎక్స్‌పీ రిజిస్ట్రీలో ముఖ్యభాగం అవే. ఎఫ్8 నొక్కి ‘లాస్ట్ నోన్ గుడ్’ ఎంచుకోమని చాలామంది చెబుతారు. కొత్త డ్రైవర్ వల్ల వచ్చిన తంటాకి అది పనిచేస్తుంది. కానీ అది వెనక్కి తీసుకొచ్చే పాత సెట్టింగులు కూడా ఆ సిస్టమ్ ఫైలు కడుపులోనే ఉంటాయి. ఆ ఫైలే చెడితే ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు.

విండోస్ 98 ఈ విషయంలో ముందుచూపున్నది. రోజూ మొదటిసారి సరిగా లేచినప్పుడు రిజిస్ట్రీకి ఒక నకలు తీసుకుని, చివరి అయిదూ దాచుకునేది. డాస్‌లో స్కాన్‌రెగ్ రిస్టోర్ అని కొడితే తేదీలతో జాబితా వచ్చేది. ఎక్స్‌పీలో నకలు వెతుక్కోవాలి. ‘రిపేర్’ ఫోల్డర్‌లో ఒకటుంటుంది గానీ అది చాలాసార్లు విండోస్ వేసిన రోజుదే. దాన్ని పెడితే మెషిన్ లేస్తుంది, ఆ తర్వాత వేసిన పేజ్‌మేకర్ మాత్రం దానికి తెలియదు. పనికొచ్చే నకళ్లు సిస్టమ్ రిస్టోర్ దాచినవి, ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అనే మరుగు ఫోల్డర్ లోపల స్నాప్‌షాట్‌లలో వేరే పేర్లతో పడి ఉంటాయి. నేను డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తాను. ముందు పని ఫైళ్లన్నీ అందులోకి దింపుకుంటాను. తర్వాత చెడిన వాటికి పాత అని పేరు మార్చి, స్నాప్‌షాట్‌లోని వాటికి అసలు పేర్లు పెట్టి వాటి స్థానంలో కూర్చోబెడతాను. విండోస్ 10 వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2018 నాటి 1803 వెర్షన్ నుంచి ‘రెగ్‌బ్యాక్’ ఫోల్డర్‌లోకి నకలు తీయడం మైక్రోసాఫ్ట్ మానేసింది, డిస్కులో చోటు మిగల్చడానికట. అక్కడ ఫైళ్ల పేర్లుంటాయి, సైజు సున్నా.

ఫైలు మార్చి లేపేస్తే పని అయిపోయినట్టు కాదు. అసలెందుకు చెడింది? సగం రాస్తుండగా కరెంటు పోయిందా, డిస్కులో బ్యాడ్ సెక్టార్లున్నాయా, ర్యామ్ తప్పు చదువుతోందా? నాకు మొదటి అనుమానం ఎప్పుడూ ర్యామ్ మీదే. స్టిక్కు తీసి బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టడం మన షాపుల్లో అందరికీ తెలిసిన విద్య. ఆ తర్వాత రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపడం మాత్రం ఎవరూ చెయ్యరు. చెక్‌డిస్క్ కూడా అంతే. ఇవి చూడకపోతే వారం తిరిగేసరికి అదే నల్ల తెర. ఇక రిజిస్ట్రీ క్లీనర్ల సంగతి. వందల కొద్దీ తప్పులు దొరికాయని ఎర్రక్షరాలతో బెదిరించి డబ్బడిగే ఆ సరుకును నేను ఏ మెషిన్‌లోనూ ఉంచను. అలాంటివాటిని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది.

షాపు కుర్రాళ్లకి ఇవేవీ తెలియవని కాదు, చాలామందికి తెలుసు. ఫార్మాట్‌కి ఊళ్లో ఒక రేటుంది, బేరం లేకుండా ఇచ్చేస్తారు. పనీ కంటికి కనిపిస్తుంది, సాయంత్రం దాకా తెర మీద గీతలు కదులుతుంటాయి. లోపం వెతికి పట్టడానికి రేటు లేదు. డీటీపీ సెంటర్ ఓనరొకాయన నా పక్కనే కూర్చుని అంతా చూసి, “ఒక్క లైను తీసేశావు, అంతేగా తమ్ముడూ?” అన్నాడు. “అంతే అన్నా,” అన్నాను. పర్సు తీయబోయాడు. ఆ డబ్బుతో యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ కొనమన్నాను, ఉన్నది ఎప్పుడో చచ్చింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ అండ 2014 ఏప్రిల్ 8తో పోయింది కాబట్టి నెట్ వైరు కూడా పీకెయ్యమన్నాను. వైరు అప్పుడే పీకేశాడు. బ్యాటరీ మాత్రం పండగ సీజన్ అయ్యాక చూద్దామన్నాడు.