నీటి మట్టం నుంచి ఆమ్‌స్టర్‌డామ్

ఎస్నోగా అందం దాని కాళ్ళలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పోర్చుగీసు యూదులు 1675లో పూర్తి చేసుకున్న ఈ సినగాగ్ బురదనేలలో దిగ్గొట్టిన కొయ్య దుంగల మీద నిలబడింది. పునాది కమానుల కింద ఉన్నది కాలువ నీరే. వాటిని చూడాలంటే పడవలో వెళ్ళాలి. పైన ఎలియాస్ బౌమన్ లేపిన ఇటుకల కట్టడం నగలేవీ పెట్టుకోకుండా నిటారుగా, కాస్త గర్వంగానే నిలబడి ఉంటుంది. లోపల నాలుగు మహాస్తంభాలు, 72 కిటికీలు, బ్రెజిల్ నుంచి తెచ్చిన జకరాండా కలపతో చేసిన మందసం. కరెంటు లేదు. వెలుతురు కావాలంటే ఈనాటికీ వెయ్యి కొవ్వొత్తులు వెలిగించాల్సిందే. నేల మీద సన్నని ఇసుక పరుస్తారు. తడినీ, దుమ్మునీ, అడుగుల చప్పుడునీ అదే మింగేస్తుంది. కింద నీరు, మీద దుంగలు, ఆ మీద అంత బరువు, ఆ పైన గుప్పెడు ఇసుక, దాని మీద మెత్తగా నడిచే మనుషులు! ఈ వరస తెలిశాక పైకప్పు ఎత్తు చూసి ఆశ్చర్యపోవడం నాకు చేతకాలేదు.

రోడ్డు మీద నడిచేవాడికి ఈ ఊరు ముఖం చూపిస్తుంది, పడవలో కూచున్నవాడికి పాదాలు చూపిస్తుంది. యూదుల ఆమ్‌స్టర్‌డామ్‌కి ఈ రెండో చూపే నప్పుతుంది. మతవిచారణకు జడిసి పోర్చుగల్ విడిచినవాళ్ళు ఓడల మీద వచ్చారు. కలప నిలవ చేసుకునే పల్లపు దీవుల్లో, కాలువ గట్ల మీద ఇళ్ళు కట్టుకున్నారు. 1632లో తత్వవేత్త స్పినోజా పుట్టింది అక్కడే. 1656 జులై 27న అతణ్ణి వెలివేస్తూ శాపం చదివిన పాత సినగాగ్ హౌట్‌గ్రాక్ట్ అనే కాలువ ఒడ్డున ఉండేది. ఆ కాలువను 1882లో పూడ్చేశారు. ఇప్పుడది వాటర్లూప్లేన్ అనే సంత. అక్కడికి వెళ్దామంటే పడవకు దారి లేదు. పక్కనే నగర కార్యాలయాన్నీ ఒపెరానీ కలిపి కట్టిన భారీ భవనం నాకేమాత్రం నచ్చలేదు. దాని దాపునే, కాలువ గట్టున, 2008లో పెట్టిన స్పినోజా కంచు విగ్రహం మాత్రం చూడాల్సిందే. పొడుగాటి అంగీ నిండా చిలుకలూ పిచ్చుకలూ వాలి ఉంటాయి. వెలివేయబడిన మనిషి ఒంటి మీద వలస పిట్టలూ స్థానిక పిట్టలూ ఒకే రకంగా కాపురం పెట్టడం ఆ శిల్పి చేసిన చమత్కారం.

ఔలెన్‌బర్గ్ వైపు తిరిగితే 1879 నాటి బోఆస్ వజ్రాల కార్ఖానా కనిపిస్తుంది. బారులుగా పెద్ద పెద్ద కిటికీలు. రాయిని సానపట్టే కంటికి ఎంత వెలుతురైనా చాలదు మరి. వేరే వృత్తి సంఘాలు చాలావరకు తలుపులు మూసేస్తే యూదులకు మిగిలిన కొద్ది పనుల్లో ఇదొకటి. బ్రెజిల్‌లో 1720లలో వజ్రాలు దొరికేదాకా యూరప్‌కు రాళ్ళు పంపింది దాదాపుగా మన దేశమే. కృష్ణ ఒడ్డున కొల్లూరులో మట్టి జల్లించి ఏరిన రాయి మచిలీపట్నం ఓడరేవు దాటి ఈ కాలువల దాకా వచ్చి కోణాలు దిద్దుకున్న రోజులున్నాయి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. అక్కడా పడవే దిక్కు! అన్నట్టు అదే పాత గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను యూదులుగా భావించుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఇవాళ్టికీ సినగాగ్ నడుపుకుంటున్నాయి.

ప్రిన్సెన్‌గ్రాక్ట్ 263 ముందు పడవలన్నీ నెమ్మదిస్తాయి. అన్నే ఫ్రాంక్ కుటుంబం దాక్కున్నది ఆ ఇంటి వెనక భాగంలో. కాలువ వైపు గోడ ఏమీ చెప్పదు. చెప్పకుండా ఉండటమే ఆ గోడ పని, రెండేళ్ళకు పైగా చేసింది. నూవ కైజర్స్‌గ్రాక్ట్ దగ్గర మాత్రం గట్టే మాట్లాడుతుంది. ఎదుటి ఇళ్ళ నుంచి నాజీలు తీసుకుపోయి చంపిన యూదుల పేర్లు, పుట్టిన తేదీలు, ఎప్పుడు ఎక్కడ చంపారో, అన్నీ చిన్న చిన్న లోహపు పలకల మీద చెక్కి ఇవతలి గట్టు అంచున బిగించారు. పడవను గట్టుకు ఆనించి లేచి నిలబడితే చదవొచ్చు. పేరు చదివి తలెత్తితే వాళ్ళ గుమ్మం. మధ్యలో కాలువ వెడల్పు. ఆ ఎడం ఎవరూ కొలిచి కట్టింది కాదు. కానీ ఇంతకంటే సరిగ్గా ఏ శిల్పీ కట్టలేడు.

అక్కడికి దగ్గర్లోనే అలా చనిపోయినవాళ్ళ కోసం వాస్తుశిల్పి లీబెస్కిండ్ రూపొందించగా 2021లో తెరిచిన స్మారకం ఉంది. లక్షా రెండు వేలకు పైగా ఇటుకలు, ఇటుకకో పేరు. పైన అద్దంలా మెరిసే ఉక్కు ఫలకాలు హీబ్రూ అక్షరాల ఆకారంలో తేలుతుంటాయి. భిలాయి-3లో, మార్షలింగ్ యార్డు పక్కన పెరిగినవాణ్ణి. ఉక్కంటే నాకు పట్టా, వ్యాగను, చక్రాల రాపిడి. అందుకే కాబోలు, ఆ మెరుపు కింద నిలబడితే నాకు ముందు రైళ్ళే గుర్తొచ్చాయి. ఓడల మీద వచ్చి చేరినవాళ్ళ సంతతిని ఇక్కణ్ణుంచి వెస్టర్‌బోర్క్ శిబిరానికీ, అక్కణ్ణుంచి తూర్పుకీ మోసుకుపోయింది పట్టాలే. అంతకు ముందే, 1941 ఫిబ్రవరిలో, యూదుల మూకుమ్మడి అరెస్టులను ఎదిరించి పని ఆపినవాళ్ళలోనూ ట్రాము కార్మికులు, ఓడరేవు కూలీలు ఉన్నారు. ఎస్నోగా పక్కనే నిలబెట్టిన ఓడరేవు కూలీ విగ్రహం చేతులు ఖాళీగా, బరువుగా ఉంటాయి. రాజకీయ స్మారకాల్లో ఇంత మంచి చేతులు అరుదు.

చివరికి ఆమ్‌స్టెల్ నది మీదుగా దక్షిణానికి, ఔదర్‌కెర్క్‌కి. అక్కడ 1614లో కొన్న స్థలంలో పోర్చుగీసు యూదుల శ్మశానం బేత్ హయీమ్ ఉంది. ఊళ్ళో పాతిపెట్టే చోటు దొరకక శవాలను ఇదే నది మీద పడవల్లో తెచ్చేవారు. రెంబ్రాంట్ ఒక పుస్తకానికి బొమ్మలు గీసిపెట్టిన రబ్బీ మెనాస్సె బెన్ ఇస్రాయేల్, స్పినోజా తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు. రాళ్ళన్నీ నేలబారుగా పరుచుకుని ఉంటాయి. కొన్నింటి మీద బైబిలు కథలు బొమ్మలుగా చెక్కి ఉండటం చూసి నివ్వెరపోయాను. బొమ్మల మీద నిషేధమున్న మతం కదా! డచ్ చిత్రకారుడు రౌస్‌డాల్ ఈ సమాధులను చిత్రించినప్పుడు చుట్టూ లేని శిథిలాలు, లేని కొండవాగు, ఎండిన చెట్టు, తుఫాను మబ్బు చేర్చాడు. గొప్ప చిత్రమే, కాదనను. కానీ ఆ వాగు అనవసరం. శవాలను మోసిన అసలు నది పక్కనే చదునుగా, ఏ ఆర్భాటమూ లేకుండా పారుతోంది. దాన్ని గీసి ఉంటే నాకు ఇంకా నచ్చేది.