పొడగరి చేతి పాస్

బాల్టిక్ సముద్రపు ఒడ్డున ముప్పై లక్షల మంది కూడా లేని దేశం లిథువేనియా. అక్కడ బాస్కెట్‌బాల్‌ను రెండో మతం అంటారు. ఆ మాట వినీ వినీ అరిగిపోయింది. మతం మాట పక్కనపెట్టి, వాళ్ల పురుషుల జాతీయ జట్టు పనితనం చూడండి.

మామూలుగా జట్టులో అందరికన్నా పొడుగైనవాణ్ణి రింగు కింద నిలబెడతారు. బంతి అందితే వేయాలి, తప్పితే రీబౌండ్ లాక్కోవాలి. లిథువేనియన్లు మాత్రం అతణ్ణి ఫ్రీ త్రో గీత దగ్గరికి, ఒక్కోసారి ఇంకా బయటికి రప్పించి బంతి చేతికిస్తారు. అతన్ని కాసే ప్రత్యర్థి వెంట రాక తప్పదు. రింగు కింద చోటు ఖాళీ అవుతుంది. తోటి ఆటగాడు డిఫెండర్ వీపు వెనక నుంచి అందులోకి దూరతాడు. అందరి తలల మీదుగా మైదానం చూడగల పొడగరి సరిగ్గా ఆ క్షణాన బంతి అందిస్తాడు. ప్రత్యర్థులు భయపడి లోపలికి ముడుచుకుంటే బంతి మూలనున్న షూటర్‌కి వెళ్తుంది. కాబట్టి అయిదుగురికీ షూటింగ్ వచ్చి ఉండాలి. ఒక్కడికి రాకపోయినా, అతన్ని వదిలేసి మిగిలినవాళ్లను మూసేస్తారు.

ఈ పద్ధతికి నిలువెత్తు రూపం అర్విదాస్ సబోనిస్. 221 సెంటీమీటర్ల మనిషి, పాయింట్ గార్డ్‌లా పాస్‌లిచ్చేవాడు. మడమ గాయాలతో కుంగి, 1995లో ముప్పై ఏళ్ల వయసులో ఎన్‌బీఏలో అడుగుపెట్టేసరికి పరుగు చాలావరకు పోయింది. అయినా నిలబడి ఆడి నెగ్గుకొచ్చాడు. ఎగరడం మీద బతికిన ఆటగాడికి అది సాధ్యమయ్యేది కాదు. కొడుకు దొమాంతాస్ కూడా పాస్‌లకు పేరుపడ్డ సెంటరే.

ఈ విద్యకు బీజం వేసినవాళ్లలో అమెరికాకు వలసపోయిన లిథువేనియన్ల పిల్లలున్నారు. 1937లో యూరప్ టైటిల్ దక్కింది. 1939లో కౌనస్‌లో సొంత జనం మధ్య మళ్లీ దక్కింది. ఆ పోటీలో లాత్వియాను 37-36తో ఓడించిన ఆఖరి బుట్ట ప్రాన్యస్ లుబినస్‌ది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున స్వర్ణం గెలిచినవాడాయన.

మరుసటి ఏడే సోవియట్ ఆక్రమణ. జాతీయ జట్టు లేకుండా పోయింది కానీ ఆట పోలేదు. 1985 నుంచి వరుసగా మూడేళ్లు కౌనస్ క్లబ్ జాల్గిరిస్ మాస్కో సైనిక క్లబ్‌ను దాటి సోవియట్ ఛాంపియన్ అయింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టుకు వెన్నెముక లిథువేనియన్లే. స్వాతంత్ర్యం వచ్చాక 1992 బార్సిలోనాలో, పాత సోవియట్ రాజ్యాల ఉమ్మడి జట్టును 82-78తో ఓడించి కాంస్యం అందుకున్నారు. పోడియం మీద రంగులద్దిన టీషర్టుల్లో నిలబడ్డారు. వాటిమీద బంతి వేస్తున్న అస్థిపంజరం బొమ్మ! గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం చేసిన సాయానికి గుర్తు అది. 1996, 2000లలోనూ కాంస్యమే.

2000 సిడ్నీ సెమీఫైనల్లో లిథువేనియా మీద అమెరికా రెండే పాయింట్ల తేడాతో గట్టెక్కింది. 2004 ఏథెన్స్ లీగ్ మ్యాచ్‌లో అలా గట్టెక్కలేకపోయింది. 2023 ప్రపంచకప్‌లో మనీలాలో లిథువేనియా తొలి తొమ్మిది మూడు పాయింట్ల షాట్లూ రింగులో పడ్డాయి. అమెరికా 104-110తో ఓడింది. అయితే తర్వాతి మ్యాచ్‌లోనే సెర్బియా చేతిలో లిథువేనియా చిత్తయింది.

లోపం ఎక్కడుందంటే, నా లెక్కలో గార్డుల దగ్గర. పొడగరులకు కొరత రాలేదు. వాలంచూనస్ ఉన్నాడు, చిన్న సబోనిస్ ఉన్నాడు. బంతిని మోసుకొచ్చి, ఒత్తిడిలోనూ వాళ్లకు వేళకు అందించే షరూనస్ యాసికెవిచ్యుస్ లాంటివాడు మళ్లీ దొరకలేదు. 2003లో యూరప్ టైటిల్ గెలిచినప్పుడు ఆ పని ఆయనే చేశాడు. 2000 తర్వాత ఈ జట్టుకు ఒలింపిక్ పతకం రాలేదు. 2024 పారిస్‌కైతే అర్హతే దొరకలేదు.