డైకుమరాల్ కథ: ఒక విమర్శ

అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్ డైకుమరాల్ ఆవిష్కరణను గూర్చి 1959లో ‘సర్క్యులేషన్’ పత్రికలో వ్రాసిన వ్యాసము కథవలె చదివించును. 1933లో మంచుతుఫాను నాడు ఒక రైతు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురును, చెడిన స్వీట్ క్లోవర్ మేతను తెచ్చి విస్కాన్సిన్ ప్రయోగశాల వాకిట నిలిచిన ఘట్టము మరపురానిది.

అయితే దీనిని తిరిగి చెప్పువారు పలువురు కథను అక్కడనే ప్రారంభింతురు. 1920 దశకములోనే కెనడాలో స్కోఫీల్డ్, బూజుపట్టిన ఈ మేతయే పశువుల రక్తస్రావమునకు కారణమని చూపెను. పిమ్మట నార్త్ డకోటాలో రోడరిక్ ఆ రక్తములో ప్రోత్రాంబిన్ కొరతను గుర్తించెను. లింక్ వీరిద్దరికిని తగిన స్థానమిచ్చెను. ఆ పుటలను పలువురు విడిచిపెట్టిరి.

‘మూలికయే రక్తమును గడ్డకట్టనీయదు’ అనుట అంతకంటె పెద్ద పొరపాటు. తాజా మొక్కలోని కుమరిన్‌కు ఆ శక్తి లేదు. మేత చెడినపుడు బూజు దానిని డైకుమరాల్‌గా మార్చును. ఇది విటమిన్ ‘కె’ పనిని అడ్డగించును. లింక్ బృందము 1939లో దీనిని స్ఫటికరూపమున వేరుచేసెను. దీని నమూనాపై తయారైన వార్‌ఫరిన్ 1948లో ఎలుకల మందు. 1954 నుండి మనుష్యులకు ఔషధము. అందుకే నేటికిని రక్తపరీక్ష చేసియే దాని మోతాదును నిర్ణయింతురు.

ప్రకృతిసిద్ధమైనది హాని చేయదని నమ్మి, వార్‌ఫరిన్ వాడువారు వైద్యునికి తెలుపక మూలికలను కలిపి పుచ్చుకొనుట ప్రాణాపాయము. కావున ఉపాధ్యాయులు ఈ కథలో రైతుతో పాటు బూజును, మోతాదును కూడ చెప్పవలెను.