ఆరు రోజులు, ఆరు పాఠాలు

కోపెన్‌హేగెన్ రాయల్ థియేటర్‌కు అనుబంధంగా ఉన్న బ్యాలే పాఠశాలకు రూపం ఇచ్చింది ఒక తండ్రీ కొడుకులు. ఫ్రాన్స్‌లో పుట్టిన ఆంట్వాన్ బుర్నన్‌విల్ 1816లో అక్కడి బ్యాలే బాధ్యత తీసుకున్నాడు. కొడుకు ఆగస్ట్ తొలి అడుగులు తండ్రి దగ్గరే నేర్చుకుని, ఆపైన పారిస్ వెళ్లి వెస్ట్రిస్ దగ్గర శిష్యరికం చేశాడు. 1830లో తిరిగొచ్చి, మధ్యలో కొద్దిపాటి విరామాలతో 1877 దాకా ఆ బృందాన్ని నడిపాడు.

1879లో ఆయన కన్నుమూశాక శిష్యులకు బెంగ పట్టుకుంది. బ్యాలే ఒక ఒంటి నుంచి మరో ఒంటికి అందే విద్య. అందుకునేవాళ్లు లేకపోతే గురువుతోనే పోతుంది. అందుకే నర్తకుడు హాన్స్ బెక్ తరంవాళ్లు ఆయన అడుగుల వరసలను ఏరి ఆరు పాఠాలుగా కూర్చారు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి, ఒక్కోదానికి ఒక్కో బాణీ. బాణీ మోగగానే ఇవాళ ఏ వారమో పిల్లలకు తెలిసిపోయేది.

ఈ పద్ధతిలో చేతులు కిందుగా, గుండ్రంగా ఉంటాయి. భుజాలు కదిలే కాలివైపు కొద్దిగా తిరుగుతాయి. కష్టమంతా పాదాలదే, మొహంలో మాత్రం కనబడకూడదు. గెంతి దిగినప్పుడు మోకాలు వంగిన చోటే మరుసటి గెంతుకు ఊపు అందుకోవాలి.

ఆ బెంగ చేసిన మేలు చిన్నది కాదు. 1832లో పారిస్‌లో తాలియోనీ కూర్చిన 'లా సిల్ఫీడ్' ప్రదర్శన పరంపర అక్కడే తెగిపోయింది. అదే కథకు 1836లో ఆగస్ట్ బుర్నన్‌విల్ కూర్చిన రూపం కోపెన్‌హేగెన్‌లో నేటికీ నిలిచింది.

నష్టమూ జరిగింది. వారం వారం అవే అడుగులు వేసే ఒంటికి ఆ అడుగుల్లో లేని బలం రాదు. రష్యన్ శిక్షణలో పెరిగిన శక్తి డేనిష్ తరగతి గదిలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1932 తర్వాత హారాల్డ్ లాండర్ కొత్త బ్యాలేలు తెచ్చాడు. 1950ల మొదట్లో వచ్చిన వేరా వోల్కోవా, తన గురువు వగానోవా రష్యన్ పద్ధతిని రోజువారీ సాధనలో చేర్చింది. ఆరు పాఠాలు నిత్య శిక్షణ స్థానం నుంచి తప్పుకున్నా మాసిపోలేదు. కిర్స్టెన్ రాలోవ్ 1979లో వాటిని గ్రంథస్థం చేసింది.

నాట్యాన్ని ఉన్నదున్నట్టు కాపాడుకోవాలి. సాధనకు మాత్రం తలుపులు తెరిచే ఉంచాలి. తండ్రి దగ్గర లేని విద్య కోసం కొడుకు పారిస్ వెళ్లాడు కాబట్టే, శిష్యులు పోగొట్టుకోకూడదనుకున్న ఆ సంప్రదాయం పుట్టింది.