అదనుకు ఎండ, అదను తప్పిన వాన

ఫ్రాన్స్‌కు నైరుతి మూలనున్న బోర్డో సీమలో 1964 వేసవి బాగా కాసింది. సెప్టెంబరు చివరికి ద్రాక్షతోటల్లో గుత్తులు నల్లగా నిగనిగలాడాయి. కోతలు ముగియకముందే ఇది గొప్ప ఏడాదని ప్రచారం సాగిపోయింది. అక్టోబరు 8న వాన పట్టుకుంది, రోజుల తరబడి వదల్లేదు. మెడాక్ ప్రాంతంలో షాటో లాటూర్ తోటవాళ్లు అప్పటికే కోత ముగించుకున్నారు. ఆ ఏటి మెడాక్ వైన్లలో మేటి ఏదంటే ఈనాటికీ దాని పేరే చెబుతారు. పండు ఇంకాస్త మాగనిద్దామని ఆగిన లాఫీట్, మూటోన్, లించ్-బాజ్ వంటి పెద్ద తోటలు తడిసిన పండుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అందరి మీదా కాసిన ఎండ ఒకటే, ద్రాక్ష రకాలూ దాదాపు అవే. తేడా అంతా కొద్ది రోజుల్లో ఉంది.

వైన్ సీసా మీద అచ్చయ్యే సంవత్సరం పండు కోసిన సంవత్సరం. బీరు కాచేవాళ్లు నీళ్లు పోస్తారు. వైన్‌లో నీరు సైతం పండులోనిదే. పైగా బోర్డో నియమాల ప్రకారం కాపు తోటకు మామూలుగా నీరు పెట్టకూడదు. తీగ ఆ ఏడాది ఏ వాన తాగిందో, ఏ ఎండకు కాగిందో అదే సీసాలోకి దిగుతుంది. అందుకే ఒకే తోటలో, ఒకే మనుషుల చేతుల్లో పక్కపక్క సంవత్సరాల వైన్లు వేరువేరు రుచులతో వస్తాయి. ఎంత ఎండ, ఎంత వాన అని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. ఏ నెలలో కాసింది, ఏ వారంలో కురిసింది అన్నదాన్ని బట్టి ఆ ఏటి గుణం తేలుతుంది.

బోర్డోలో తీగ మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో చిగురిస్తుంది. లేత చిగురుకు మొదటి గండం మంచు. సున్నాకు రెండు డిగ్రీలు దిగువకు పోతే చాలు, చిగురు నల్లబడి మాడిపోతుంది. మే 11, 12, 13 తేదీలను అక్కడి రైతులు మంచు సాధువుల రోజులంటారు. అవి దాటితేగాని గుండె కుదుటపడదు. 1945లో మే 2న మంచు కురిసి పంటలో చాలా భాగం పోయింది. అయితే మిగిలిన కొద్ది గుత్తులకు ఎండ, వేడి పుష్కలంగా అంది, ఆ శతాబ్దపు మహా వైన్లలో కొన్ని ఆ ఏడాదే పుట్టాయి. అలాగని మంచు మేలు చేస్తుందని అనుకోకూడదు. 1991 ఏప్రిల్‌లోనూ మంచు పంటను ఊడ్చేసింది, మిగిలిన పండు మీద సెప్టెంబరు చివర వానలు పడ్డాయి. పంట తగ్గినంత మాత్రాన పండు గొప్పదైపోదు, తర్వాతి నెలలు కూడా కలిసిరావాలి.

జూన్ మొదట్లో పూత. ద్రాక్ష పువ్వుకు అందమైన రేకులుండవు; చిన్న ఆకుపచ్చని టోపీ ఊడి పడితే లోపలి కేసరాలు బయటికి వస్తాయి, అంతే. ఆ వారం పది రోజులు పొడిగా, వెచ్చగా ఉంటే తోటంతా ఒక్కసారిగా పూసి పిందె పడుతుంది. చలీ ముసురూ పట్టుకుంటే పూత రాలిపోతుంది. నిలిచినదైనా సమంగా ఉండదు: ఒకే గుత్తిలో ఇంత లావు పండు పక్కన బఠాణీ గింజంత పచ్చి కాయ కనిపిస్తుంది. నష్టం దిగుబడితో ఆగదు. మూడు వారాలు సాగిన పూత మూడు వారాలు సాగదీసి పండుతుంది. అలాంటి తోటను ఏ రోజు కోసినా కొంత పచ్చిది, కొంత మాగిపోయినది చేతికొస్తాయి. శరదృతువులో కోత ఎంత ఇబ్బంది పెట్టబోతోందో జూన్‌లోనే సగం తేలిపోతుంది.

పిందె పడ్డాక తీగకు కాస్త దాహం వేయాలి. శీతాకాలపు వానలతో నేల అడుగున చేరిన తేమ జూలై ఎండకు మెల్లమెల్లగా తరగాలి. నీరు పుష్కలంగా ఉన్నంత కాలం తీగ కొత్త కొసలు వేస్తూనే పోతుంది. తేమ తగ్గగానే పెరుగుదల ఆపి బలమంతా పండుకు పంపుతుంది. పండు చిన్నదిగా, తోలు దళసరిగా తయారవుతుంది. ఎర్ర వైన్ రంగూ వగరూ తోలులో ఉంటాయి గనుక రసంతో పోలిస్తే తోలు పాలు పెరిగే కొద్దీ వైన్‌కు చిక్కదనం వస్తుంది. మెడాక్ గులకరాళ్ల నేల నీటిని త్వరగా వదిలేస్తుంది, బోర్డోలోనే మరో ప్రాంతమైన పొమెరాల్ బంకమట్టి పట్టి ఉంచుతుంది. కాబట్టి వానలు ఎక్కువైన ఏడాది మొదటిదానికి, కరువు ఏడాది రెండోదానికి తోడ్పడడం కద్దు.

దాహం హద్దు దాటకూడదు. 2003 ఆగస్టులో ఐరోపాను కాల్చిన వడగాడ్పులకు చాలా తోటల్లో పండ్లు తీగ మీదే మాడాయి. ఆకులు తమను తాము కాపాడుకోవడానికి శ్వాసరంధ్రాలు మూసుకోవడంతో పక్వం మధ్యలో ఆగిపోయింది. తీపి పరుగులు తీసింది, పులుపు పడిపోయింది, లోపలి గింజలు మాత్రం పచ్చిగా మిగిలాయి. పగలు ఎండ, రాత్రి చల్లదనం కలిసి వస్తేనే తీపి, పులుపు జోడుగా నిలుస్తాయి. 2010 వైన్లు అంత నిటారుగా, సజీవంగా ఉన్నాయంటే పొడి వేసవికి తోడుగా వచ్చిన ఆ చల్లని రాత్రులే కారణం.

ఈ లెక్కను సూత్రంగా రాసినవాడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్. 1952 నుంచి 1980 దాకా పండిన బోర్డో వైన్ల వేలం ధరలను వాతావరణ వివరాలతో ఆయన సరిచూశాడు. శీతాకాలపు వాన, సాగుకాలపు సగటు వేడి ధరను పెంచుతాయి, ఆగస్టు సెప్టెంబరు వాన తగ్గిస్తుంది. వైన్ వయసుతో కలిపి ఈ నాలుగు అంశాలతోనే ఏడాదికీ ఏడాదికీ మధ్య ధరల తేడాలో ఐదింట నాలుగు పాళ్లు తేలిపోయాయి. రుచి చూసి తీర్పు చెప్పే విమర్శకులు మండిపడ్డారు. కానీ తోటవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. అదే వాన జనవరిలో వరం, సెప్టెంబరులో శాపం అన్నది వాళ్ల తాతలకూ తెలుసు.

సెప్టెంబరు వాన అంత చేటు ఎందుకు చేస్తుందో పండును చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. తీగ వేళ్లు నీటిని గుంజుకుంటాయి, పండు ఉబ్బుతుంది, రసం పలచబడుతుంది. మరీ ఉబ్బితే తోలు చిట్లి కుళ్లు పడుతుంది. అందుకే కోతకు ముందు రోజుల్లో సాళ్ల వెంట తిరగడమే తోటవాళ్ల పని. పరికరం తీపిని కొలిచి పెడుతుంది గాని మిగతాదంతా నోటికే తెలియాలి. పండు నోట్లో వేసుకుని రసం మింగి, తోలును కాసేపు నములుతారు. నాలుక గట్టిగా పట్టుకుపోతే వగరు ఇంకా పచ్చిది. తర్వాత గింజలు అరచేతిలో ఊసి చూస్తారు. ఆకుపచ్చగా ఉంటే ఆగాలి. గోధుమరంగు తిరిగి పంటి కింద కరకరలాడితే సమయం వచ్చినట్టు. పక్వానికి రాని కాబెర్నే సావిన్యోన్ రకంలో కాప్సికం వాసన కొడుతుంది, ఎండ తగిలే కొద్దీ అది పోతుంది. మెర్లో రకం ముందు పండుతుంది, కాబెర్నే ఒకటి రెండు వారాలు వెనక. ఈ రెంటినీ కలిపి వైన్ చేయడమనే బోర్డో ఆచారంలో రుచితో పాటు ముందుజాగ్రత్త కూడా ఉంది. ఒక రకం మీద వాన పడితే రెండోది ఆదుకుంటుంది. 1964లో గారోన్, దొర్దోన్ నదులకు అవతల మెర్లో ఎక్కువగా పండే పొమెరాల్ చాలావరకు వానకు ముందే గట్టెక్కింది.

బోర్డో సీమ దక్షిణ భాగాన సోటెర్న్‌లో ఈ నిరీక్షణ పరాకాష్ఠకు చేరుతుంది. చెట్ల నీడలో చల్లగా పారే సిరోన్ వాగు వెచ్చని గారోన్ నదిలో కలిసే చోట శరత్కాలపు తెల్లవారుజామున పొగమంచు లేచి తోటలను కప్పేస్తుంది. ఆ తేమలో బాట్రైటిస్ అనే బూజు పండు తోలులోకి సన్నని కన్నాలు పెడుతుంది. మధ్యాహ్నం ఎండకు ఆ కన్నాల గుండా నీరు ఆవిరై తీపి, పులుపు, పరిమళం చిక్కబడతాయి. బంగారు రంగు పండు గోధుమ ఊదా రంగుకు తిరిగి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. బూజు అన్ని పండ్లకూ ఒకేసారి పట్టదు కాబట్టి కోతవాళ్లు ఒకే సాలులోకి మళ్లీ మళ్లీ వచ్చి, ముడుచుకున్నవాటిని మాత్రమే ఏరుతారు. పొద్దుటి పొగమంచు ఉండి మధ్యాహ్నపు ఎండ లేకపోతే, అదే బూజు పంటను కుళ్లబెట్టేస్తుంది. అక్కడి షాటో డికెమ్ తోటలో ఒక తీగకు ఒక గ్లాసు వైన్ మాత్రమే వస్తుందంటారు. పండు నచ్చని ఏడాది ఆ పేరుతో తీపి వైన్ అసలు విడుదల చేయరు. 1964, 1992, 2012 అలా ఖాళీగా మిగిలిన సంవత్సరాలే. ఏడాది ఆదాయాన్ని వదులుకునే ఆ నిజాయితీ మీదే మిగతా సంవత్సరాల పేరు నిలబడుతుంది.

ఇప్పుడు బల్లల మీద పండ్లు ఏరే యంత్రాలున్నాయి, తక్కువ రకాన్ని వేరే పేరుతో అమ్మే పద్ధతీ ఉంది. చెడ్డ ఏడాది మునుపటంత చెడ్డగా ఉండడం లేదు. అయినా ఏ యంత్రమైనా కుళ్లును తీసేయగలదు గాని తీగ మీద రాని పక్వాన్ని తెచ్చిపెట్టలేదు.

ఆకాశమే మారిపోతున్న కాలంలో ఏటేటా కోతను గమనించే ఈ సంప్రదాయం విలువ ఇంకా పెరిగింది. ఫ్రాన్స్‌లోని మరో వైన్ సీమ బర్గండీలో కోత తేదీని ఊరు ఉమ్మడిగా నిర్ణయించేది. అంతకుముందు ఎవరూ కోయకూడదు. బోన్ పట్టణంలో ఆ తేదీలు, కోతకూలీల చెల్లింపుల లెక్కలు తరతరాలుగా భద్రంగా ఉన్నాయి. వాటిని పట్టుకుని 1354 నుంచి 2018 దాకా కోత ఎప్పుడు మొదలైందో పరిశోధకులు వరుసగా పేర్చి 2019లో ప్రచురించారు. 1987 దాకా మామూలుగా సెప్టెంబరు 28 ప్రాంతంలో మొదలైన కోత 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకు జరిగింది. వైన్ కోసం రాసుకున్న లెక్క భూమి వేడెక్కుతోందనడానికి సాక్ష్యమైంది.

వేడి పెరిగింది కదా, ఇక అన్నీ మంచి ఏడాదులే అనుకోవడానికి లేదు. చలికాలం ముందే సడలితే చిగురు ముందే వస్తుంది, ఏప్రిల్ మంచుకు దొరికిపోతుంది. 2017లో, 2021లో అదే జరిగింది. ఎండను తట్టుకునే తురీగా నాసియోనల్, మార్సెలాన్ వంటి ఆరు కొత్త రకాలకు 2021లో బోర్డోలో అనుమతి దొరికింది. తాతలు చెప్పిన తేదీలు ఇక మునుపటిలా పనికిరావు. తోటలో నడిచి, పండు నమిలి, ఆకాశం చూసి నిర్ణయించుకునే నేర్పు మాత్రం పనికొస్తుంది, ఇప్పుడు మరింతగా. సీసా మీద సంవత్సరం వేయడమంటే ఆ నిర్ణయానికి తయారీదారు అందరి ముందూ బాధ్యత తీసుకోవడం. మంచి ఏడాదిని మెచ్చుకునేటప్పుడు వాతావరణంతో పాటు ఆ తెగువనూ మెచ్చుకోవాలి.