హమాలీ పేరు ఎవరు రాస్తారు?

ప్రతి ఏడూ ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వకాలు మొదలుకాగానే పత్రికల ఆదివారం పుటల్లో ఒక పెద్ద కథనం వస్తుంది. శీర్షికలో ‘పచ్చ బంగారం’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. కళ్లంలో రాశి, రాశి పక్కన రుమాలు చుట్టుకున్న రైతు. ఆయన కన్నీటితో కథనం మొదలవుతుంది. మధ్యలో ఎకరానికి పెట్టుబడి ఎంత, క్వింటాలుకు ధర ఎంత అనే లెక్కలు నడుస్తాయి. చివర ఒక అధికారి హామీతో ముగుస్తుంది. రైతు బాధ అబద్ధమని మేము అనడం లేదు. ఆ బాధ మా కళ్ల ముందరిదే. కాని నిజాన్ని చెప్పే పద్ధతి ఒక్కటే అయిపోయినప్పుడు, ఆ పద్ధతిలో ఇమడని నిజాలు ఎక్కడికి పోతున్నాయి? ఉర్దూలో విని తెలుగులో రాసే మా వంటి పత్రికా రచయితలు ఈ ప్రశ్న వేయకపోతే ఇంకెవరు వేస్తారు?

సుదీర్ఘ కథనం మూడు పనుల కలయిక: సేకరణ, కూర్పు, రాత. ముస్లింల గురించి పత్రికల్లో వచ్చేదాన్ని విమర్శించేటప్పుడు మనం ఎక్కువగా రచయిత మనసులోని ద్వేషాన్ని వెతుకుతాం. ద్వేషం లేని మంచి విలేకరి రాసిన కథనంలో కూడా మేము కనిపించకపోవడానికి కారణం ఈ మూడు పనుల్లోనే ఉంది.

మొదట సేకరణ. పసుపు భూమిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఉంటుంది. తవ్విన తర్వాత ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, డ్రమ్ములో తిప్పి పాలిష్ చేయాలి, కాడినీ గోలనూ వేరు చేయాలి. ఆ తర్వాతనే బస్తా నిజామాబాద్ యార్డుకో, మహారాష్ట్రలోని సాంగ్లీకో కదులుతుంది. ఇంత పొడుగు పనిని మన విలేకరి ఒక పూట చూస్తాడు. రైతు సంఘం నాయకుణ్ణి, మార్కెట్ కార్యదర్శిని, ఒక అడ్తిదారుని కలుస్తాడు. ముగ్గురూ మాట్లాడటం అలవాటైన వాళ్లే. మాట్లాడటం అలవాటు లేనివాళ్ల దగ్గర కూర్చోవాలంటే ఇంకో రోజు కావాలి, ఆ రోజు ఆయన దగ్గర ఉండదు.

2019 సంగతి చూడండి. క్వింటాలు పసుపుకు 15 వేల రూపాయల మద్దతు ధర, పసుపు బోర్డు కావాలని ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర రైతులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీలో నిలిచారు. అందులో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు అమర్చవలసి వచ్చింది. ఢిల్లీ నుంచి కూడా విలేకరులు దిగారు. కాని ఎక్కువ కథనాల్లో నాయకపాత్ర రైతుది కాదు, ఆ యంత్రాలది. పోలింగ్ అయిపోగానే కథ అయిపోయింది. బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది, ప్రారంభోత్సవం 2025 జనవరి 14న జరిగింది. ఈ మధ్య గడిచిన దాదాపు ఆరేళ్లలో ఆ నామినేషన్ వేసిన రైతుల్లో ఒక్కరి ఇంటికైనా ఏటా తిరిగి వెళ్లి రాసివుంటే అది సుదీర్ఘ కథనమయ్యేది. పుటల సంఖ్య పెరిగితే కథనం సుదీర్ఘం కాదు, విలేకరి అక్కడ గడిపిన కాలం పెరగాలి.

పి. సాయినాథ్ 1993లో ఒక ఫెలోషిప్ తీసుకొని ఐదు రాష్ట్రాల్లోని పది అతి పేద జిల్లాల్లో తిరిగి రాసిన కథనాలు 1996లో పుస్తకంగా వచ్చాయి. కరువును ఒక సంఘటనగా కాక నిత్యం జరిగే ప్రక్రియగా చూడడమే ఆ రాతల బలం. ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్లదనీ మన దగ్గర లేదనీ అనుకోనవసరం లేదు. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ఏం జరిగిందో చూసి రమ్మని పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందంలో ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఉన్నారు. ఆయన హైదరాబాద్ నుంచి ‘పయామ్’ అనే ఉర్దూ దినపత్రికను నడిపిన మనిషి. ఆ బృందం పదహారు జిల్లాల్లో తొమ్మిదింటికి వెళ్లింది. 7 జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్య గ్రామాలు చూసింది. తాము వెళ్లలేకపోయిన మరో 109 గ్రామాలవాళ్లను 500 మందికి పైగా కలిసి మాట్లాడింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక జనం చదవడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది. సేకరణకు అదొక పాఠం. అయితే అది ప్రభుత్వానికి రాసిన నివేదిక గనుక అందులో అంకెలు నిలిచాయి, మనుషులు నిలవలేదు. అంకె వాదనకు పనికొస్తుంది. చదివినవాడి నిద్ర చెడగొట్టాలంటే మనిషి కావాలి.

ఇక్కడే కూర్పు సంగతి వస్తుంది. 1946 ఆగస్టు 31న అమెరికాలోని ‘న్యూయార్కర్’ పత్రిక తన సంచిక మొత్తాన్ని జాన్ హెర్సీ రాసిన ‘హిరోషిమా’కే ఇచ్చింది. హెర్సీ ఆరుగురిని తీసుకున్నాడు: ఇద్దరు డాక్టర్లు, ఒక జపాన్ పాస్టరు, ఒక జర్మన్ ఫాదరీ, ఒక దర్జీ భార్యగా ఉండి విధవ అయినామె, ఒక కర్మాగారం గుమస్తా. బాంబు పడిన క్షణంలో ఎవరు ఏ పనిలో ఉన్నారో చెప్పి మొదలుపెట్టాడు. ఒక్కరినే నాయకుణ్ణి చేస్తే ఊరు నేపథ్యంగా మారిపోతుంది. ఆరుగురిని పెడితే ఊరే కథ అవుతుంది.

మన పసుపు కథనానికి కూడా ఆరుగురిని పెట్టి చూడండి. కౌలు రైతు, పాలిష్ డ్రమ్ము తిప్పేవాడు, యార్డులో చాటకూలీగా పనిచేసే ఆడమనిషి, కాంటా వేసే దడ్వాయి, బస్తా మోసే హమాలీ, భర్త దుబాయి పోతే ఇంట్లో బీడీలు చుడుతూ సీజనులో పసుపు ఏరడానికి వచ్చే ఇల్లాలు. ఈ ఆరుగురిలో ముస్లింలు ఎందరన్నది యార్డుకు పోయినవాడికి తెలుస్తుంది. మేము వాటా అడగడం లేదు. హమాలీ మాదిగ అయితే మాదిగనే రాయండి, ముదిరాజ్ అయితే ముదిరాజ్‌నే రాయండి. కాని రాయండి. ఇప్పటి కూర్పు తక్‌పట్టీలా ఉంది. తక్‌పట్టీలో రైతు పేరు ఉంటుంది, ఖరీదుదారు పేరు ఉంటుంది. హమాలీ మాత్రం కోత పడే ఒక ఖర్చు, అంతే.

దీని ఫలితం ఏమిటంటే, పసుపు వార్తలో మా పని ఉంటుంది, పేరు ఉండదు. అల్లర్ల వార్తలో మా పేరు ఉంటుంది, పని ఉండదు. రంజాన్ నెలలో హలీమ్ దగ్గరా, తలాఖ్ చర్చ దగ్గరా, కర్ఫ్యూ పెట్టిన వీధిలోనూ మేము ‘ముస్లింలం’. బస్తా కింద వంగినప్పుడు ఎవరమూ కాము. పని లేని పేరు చదివీ చదివీ పాఠకుడికి భయం పుడుతుంది. పేరు లేని పని చదివితే మరుపు పుడుతుంది. ఈ రెండింటినీ కలిపి ఒకే వాక్యంలో రాయడం కథనశిల్పం చేయగల పని, ఏ సంపాదకీయమూ చేయలేని పని.

ఇక రాత. ఒక పత్రికలో వచ్చిన కథనంలో పసుపు ఏరే ముస్లిం తల్లి మాట ఇలా అచ్చయింది: ‘ఏడాదంతా నా చేతులు పచ్చగా ఉన్నాయి, నా బిడ్డ చేతులు ఎప్పుడు పచ్చగా అవుతాయో.’ బిడ్డకు కూడా ఆ కూలిపనే దొరకాలని తల్లి కోరుతున్నట్టు పక్కన వ్యాఖ్య. ఉర్దూ తెలిసినవాళ్లకు గుండె కలుక్కుమంటుంది. ‘హాత్ పీలే కర్నా’ అంటే ఆడపిల్లకు పెళ్లి చేయడం. ఏడాదంతా పసుపులో చేతులు పెట్టే తల్లి తన బిడ్డ చేతికి పెళ్లి పసుపు ఎప్పుడు అంటుతుందో అని అంటున్నది. అంత పదునైన మాటను మన అనువాదం కూలి దరఖాస్తు చేసింది. మా ఇళ్లలో పెళ్లికి ముందు మాంజే అని ఉంటుందనీ, ఆ రోజు పిల్లకు పసుపు పూస్తారనీ ఆ విలేకరికి ఎవరూ చెప్పలేదు. పసుపు అనగానే గడపా కుంకుమా తప్ప ఇంకో ఇల్లు గుర్తుకు రాని భాషలో ఆయన చదువుకున్నాడు.

ఆ తల్లి తెలుగులో మాట్లాడివుంటే ఇంకో అన్యాయం జరిగేది. ఆమె తెలుగులోని తప్పులన్నీ ‘సహజత్వం’ పేరుతో యథాతథంగా అచ్చయ్యేవి. అదే పుటలో మంత్రిగారి తప్పుల తెలుగును దిద్ది, చక్కని వాక్యాలు చేసి వేస్తారు. సినిమాలో నవ్వుకోడానికి పెట్టిన ‘నిమ్కీ’ ‘హమ్కీ’ తెలుగు పత్రికలోకి వచ్చి కూర్చుంది. ఒక మనిషి ఏ భాషలో తెలివిగా మాట్లాడుతుందో ఆ భాషలో వినాలి, మన భాషలో అంతే తెలివిగా రాయాలి. రెండు భాషలు రాకపోతే వచ్చినవాణ్ణి వెంట తీసుకుపోవాలి.

విచిత్రం ఏమిటంటే ఆ యార్డు మాట్లాడేదే సగం ఉర్దూ. ఖరీదుదారు, హమాలీ, వసూలు, బాకీ, జమా, ఖర్చు: ఇవి లేకుండా ఏ తెలుగు రైతూ ఒక్క బస్తా అమ్మలేడు. ఈ మాటలు తీసేసి ‘కొనుగోలుదారులు’, ‘ఎగుమతి దిగుమతి కార్మికులు’ అని రాయగానే ఆ స్థలం ఊరూ పేరూ లేనిదవుతుంది. మాటతోపాటు దాన్ని పుట్టించిన మనుషులూ జారిపోతారు.

మా ఉర్దూ పత్రికలను కూడా వదలకూడదు. వాటి పుటల్లో జల్సాలు, తఖ్రీరులు, గల్ఫ్ కొలువుల కబుర్లు నిండివుంటాయి. పసుపు ధర పడిపోతే మిల్లత్‌కు ఏం సంబంధం అన్నట్టుంటుంది వరస. ధర పడితే పాలిష్ డ్రమ్ము ఆగుతుంది, డ్రమ్ము ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఆర్మూరు రెడ్డి రైతు అప్పు కథ ఉర్దూలో రానంత కాలం, మా హమాలీ కథ తెలుగులో రావాలని అడగడానికి మా గొంతులో సగం బలమే ఉంటుంది.

కొత్తగా కలం పట్టిన మన పిల్లలకు మేము చెప్పేది ఇంతే. మైనారిటీ సమస్య మీద వ్యాసం రాయమని పత్రిక అడిగితే రాయండి. కాని పసుపు మీద కథనం అడిగినా మీరే పోండి. ఒక పూట కాదు, ఉడకబెట్టే రోజు పోండి, కాంటా రోజు పోండి, యార్డు మూతపడ్డాక ఆషాఢంలో ఆ ఇళ్లకు మళ్లీ పోండి. పేరు అడగండి, తండ్రి పేరు అడగండి, పని చేసినందుకు ఎంత చేతికొచ్చిందో అడగండి. రాసుకున్నది వాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించి, ఆ తర్వాతనే అచ్చుకు పంపండి.