క్షమాపత్రంపై లేని సంతకం: ‘డోర్’ చిత్రంలో తల్లులు

దుబాయిలోని అల్ ఖూజ్‌లో పాత గోదాముల నడుమ వెలసిన అల్సర్కల్ అవెన్యూలో చిత్రశాలలూ, సినిమా అకీల్ అనే చిన్న సినిమాహాలూ ఉన్నాయి. అదే అల్ ఖూజ్‌లో వలస కార్మికుల క్యాంపులున్నాయి. అలాంటి క్యాంపుల్లో బతికేవారి ఇళ్ల కథను తెరకెక్కించిన చిత్రాల్లో నాగేశ్ కుకునూర్ తీసిన ‘డోర్’ (2006) ముఖ్యమైనది. దీనికి మూలం కమల్ మలయాళంలో తీసిన ‘పెరుమళక్కాలం’ (2004). సౌదీలో ఒక వలస కార్మికుడు మరణిస్తాడు. తోటివాడు దోషిగా తేలుతాడు. మృతుని భార్య క్షమాపత్రంపై సంతకం చేస్తేనే అతనికి మరణశిక్ష తప్పుతుంది. దోషి భార్య ఆ సంతకం కోసం బయలుదేరుతుంది.

ఇద్దరు యువతుల స్నేహకథగా ‘డోర్’ ప్రశంసలందుకుంది, అందుకు అర్హమైనదే. అయితే మృతుడు శంకర్ ఇంట్లో అతని తల్లి ఉంది, నాయనమ్మ ఉంది. క్షమిస్తావా అని ఆ తల్లిని అడిగినవారు లేరు. ఆమె కొడుకును పోగొట్టుకున్న స్త్రీగా కంటే, కోడలిని వైధవ్యంలో కట్టిపడేసే అత్తగానే ఎక్కువగా కనిపిస్తుంది. షరియా న్యాయం ప్రకారం క్షమించే హక్కు మృతుని వారసులది. సౌదీ అనుసరించే హన్బలీ సంప్రదాయంలో ఆ వారసుల్లో తల్లి కూడా ఉంటుంది. చట్టం గుర్తించిన ఆమెను కథ గుర్తించలేదు.

చిత్రం సంతకంతో ముగుస్తుంది. జీవితంలో నిరీక్షణ సంతకంతో ముగియదు. 2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్యకేసులో సిరిసిల్ల ప్రాంత కార్మికులు జైలుపాలయ్యారు. 2011లో కె. తారక రామారావు నేపాల్ వెళ్లి, మృతుని కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం అందజేశారు. అయినా వారిలో కొందరు ఇల్లు చేరేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. కొడుకు అరెస్టయిననాడు యాభై అయిదేళ్లున్న తల్లికి అప్పటికి డెబ్బై మూడు దాటుతాయి. పేద ఇంట్లో ఆ పద్దెనిమిదేళ్లంటే కూలికి పోగల వయసు గడిచిపోవడం, చూపు మందగించడం, బీపీ మాత్రలకు ఇంకొకరి దగ్గర చేయి చాచడం. నేపాల్‌లోని ఇంటికైతే మనిషే తిరిగిరాడు.

క్యాంపుల నుంచి వచ్చే రోగులు చాలామంది తమ జబ్బు సంగతి ఊళ్లో అమ్మకు తెలియకూడదని నన్ను కోరుతుంటారు. ఆమె తట్టుకోలేదని వారి భయం. కథకులూ అలాగే అనుకున్నారేమో. కానీ ఏళ్ల తరబడి తట్టుకుంటున్నది ఆమే. మన గల్ఫ్ కథలు ఇకనైనా ఆ ముసలి తల్లిని అడగాలి.